ఆవు దగ్గరికి బండి వస్తుంది, ముసలి రైతు దగ్గరికి రాదా?



పుంగనూరు ఆవు పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. ఆ జాతిని కాపాడటానికి పలమనేరులో పశు పరిశోధన కేంద్రం ఉంది. పశువుకు జబ్బు చేసి 1962కు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య బండి రావాలి. 2022 మే నెలలో మొదటి విడతగా 175 బండ్లు రోడ్డెక్కాయి. పిలిచినప్పుడల్లా వస్తున్నాయా అన్నది వేరే గొడవ. పశువు ఆస్పత్రిదాకా నడవలేదు కాబట్టి వైద్యమే పశువు దగ్గరికి పోవాలన్న తెలివి మాత్రం సర్కారుకు వచ్చింది. మంచిదే. ఆ పశువును మేపిన డెబ్బై ఏళ్ళ మనిషి విషయంలో ఆ తెలివి ఏమైందని మేము అడుగుతున్నాం.

మేము మాట్లాడేది ఒక్క జబ్బు గురించి. గుండె నుంచి పొట్టలోగుండా కాళ్ళ వైపు రక్తం మోసుకుపోయే పెద్ద రక్తనాళం ఒకటి ఉంది. మామూలుగా పొట్టలో దాని వెడల్పు రెండు సెంటీమీటర్లు. వయసు మీద పడి, బీపీ ఉండి, ఏళ్ళ తరబడి బీడీ, సిగరెట్ తాగిన మొగవాళ్ళలో కొందరికి ఆ నాళం గోడ బలహీనపడి ఒకచోట ఉబ్బుతుంది. మూడు సెంటీమీటర్లు దాటితే జబ్బు కింద లెక్క. డాక్టర్లు దీన్ని అబ్డామినల్ అయోర్టిక్ అన్యూరిజం అంటారు. మన భాషలో చెప్పాలంటే పైపు ఉబ్బడం. ఎండకు మెత్తబడిన పైపు ఒకచోట బుడ్డలాగా ఉబ్బుతుంది. నీళ్ళు పారుతూనే ఉంటాయి, చేను తడుస్తూనే ఉంటుంది. ఒకరోజు మోటారు వేయగానే పగులుతుంది. పైపు పగిలితే కొత్తది తెచ్చుకుంటాం. నాళం పగిలితే పదిమందిలో ఎనిమిది మంది బతకరు. చాలామంది ఆస్పత్రి గడప కూడా తొక్కరు.

పగిలేదాకా దాదాపు ఎవరికీ నొప్పి ఉండదు. పొద్దున సంగటి తిని చేనికాడికి పోయిన పెద్దాయన మధ్యాహ్నానికి పడిపోతే మనం ఏమంటాం? గుండెపోటు అంటాం. వయసైపోయింది అంటాం. పోస్టుమార్టం ఉండదు, లెక్క ఉండదు. లెక్కలో లేని జబ్బుకు బడ్జెట్లో పైసా ఉండదు.

దీన్ని ముందే కనిపెట్టడం కష్టమా? కాదు. పొట్ట మీద జెల్ రాసి అల్ట్రాసౌండ్ యంత్రంతో చూస్తే చాలు. సూది లేదు, కోత లేదు, పది పదిహేను నిమిషాల పని. యంత్రం చేత్తో మోసుకుపోయేంత చిన్నది. 65 ఏళ్ళ వయసులో ఒక్కసారి చూసి బాగుందంటే చాలామందికి మళ్ళీ చూడాల్సిన పని లేదు.

ఇది మేము కల్పించి చెప్పేది కాదు. బ్రిటన్లో 65 నుంచి 74 ఏళ్ళ మొగవాళ్ళను దాదాపు 68 వేల మందిని తీసుకొని, సగం మందిని స్కాన్‌కు పిలిచారు, సగం మందిని పిలవలేదు. 2002లో ఫలితం బయటపెట్టారు. నాలుగేళ్ళలో పిలవని సగంలో ఈ జబ్బుతో 113 మంది పోతే, పిలిచిన సగంలో 65 మంది పోయారు. ఆ తర్వాత ఇంగ్లండు 2009లో పథకం మొదలుపెట్టి 2013కల్లా దేశమంతా విస్తరించింది. 65వ ఏడు నడుస్తున్న ప్రతి మొగవాడికీ ఇంటికి ఉత్తరం వస్తుంది. స్కాన్ చేసేది పెద్ద డాక్టరు కాదు, శిక్షణ పొందిన టెక్నీషియన్. స్వీడన్ కూడా ఇదే దారి పట్టింది. అమెరికాలో 65 నుంచి 75 ఏళ్ళ మధ్య, ఎప్పుడైనా పొగతాగిన మొగవాళ్ళు ఒక్కసారి చూపించుకోవాలని అక్కడి నిపుణుల సంఘం చెబుతోంది.

"అవి డబ్బున్న దేశాలు, మన పల్లెలకు యంత్రాలు ఎలా వస్తాయి" అనేవాళ్ళకు మదనపల్లె చరిత్ర గుర్తుచేస్తాం. ఊరి పక్కన ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం వందేళ్ళకు ముందే కట్టిన ఆస్పత్రి. 1950 నుంచి 1955 దాకా అక్కడి డాక్టరు ఫ్రిమోట్ మోలర్, ఆయన సిబ్బంది మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనానికి ఎక్స్‌రేలు తీసి క్షయ ఎందరికి ఉందో లెక్క తేల్చారు. ఆ లెక్కను 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక అచ్చువేసింది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, మంచి రోడ్డు లేని కాలంలో, రోగం కనపడని మనిషికి కూడా మన పల్లెల్లో ఎక్స్‌రే తీశారు. ఇప్పుడు తారు రోడ్డుంది, 104 బండి ఉంది, సంచిలో పట్టే యంత్రం ఉంది. లేనిది మనసొక్కటే.

అధికారులు చెప్పబోయే సాకులు మాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి సాకు చట్టం. కడుపులో ఆడబిడ్డను చంపకుండా 1994లో చట్టం తెచ్చారు. అల్ట్రాసౌండ్ యంత్రాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పకూడదు. ఆ చట్టం కావాలి, ఇంకా గట్టిగా అమలు కావాలి. అయితే 2012లో సవరించిన నిబంధనల్లోనే ఒక దారి ఉంది. ఇతర వైద్య సేవలతో పాటు పల్లెలకు పోయే సంచార వైద్య వాహనంలో, నమోదు చేసిన యంత్రాన్ని వాడవచ్చు. 104 బండి అలాంటిదే కదా? ముసలి మొగవాళ్ళ పొట్ట చూడటానికి ఆడబిడ్డల చట్టాన్ని అడ్డం పెట్టవద్దు.

రెండో సాకు: "మనవాళ్ళలో ఈ జబ్బు తక్కువ." ఇందులో కొంత నిజం ఉంది. బ్రిటన్లో ఉండే మన దేశపు, పక్క దేశాల మొగవాళ్ళను చూసినప్పుడు తెల్లవాళ్ళకంటే తక్కువ మందిలోనే కనపడింది. మేము దాన్ని దాచిపెట్టం. కానీ లండన్లో ఉద్యోగం చేసే మనిషి లెక్క, అరవై ఏళ్ళు బీడీ కాల్చి బీపీ మాత్ర ఎరగని కుప్పం రైతుకు సరిపోతుందా? ఇక్కడ లెక్క తీయండి. తక్కువని తేలితే ఆ మాట మేమే ఊరూరా చెబుతాం. చూడకుండానే లేదనడం వైద్యం కాదు.

మూడో సాకు డాక్టర్లు లేరని. ఈ సాకు చెప్పే సర్కారే 2025లో మదనపల్లె మెడికల్ కాలేజీని పీపీపీ జాబితాలో చేర్చింది. డాక్టర్లను తయారుచేసే చోటును ప్రైవేటు చేతికి ఇచ్చి, డాక్టర్లు లేరనడం ఏం న్యాయం?

సోదరులారా, ఇక్కడ మనం కూడా జాగ్రత్తగా ఉండాలి. మనం అడిగేది స్కాన్ ఒక్కటే అయితే, రేపు ఏదో పెద్ద ఆస్పత్రి ఉచిత క్యాంపు పేరుతో బండి పంపుతుంది. చూడటం ఉచితం, భయపెట్టడం ఉచితం, ఆపరేషన్ మాత్రం లక్షల్లో. మూడున్నర సెంటీమీటర్లు ఉన్న మనిషికి ఆపరేషన్ అక్కరలేదు. బీడీ మానాలి, బీపీ అదుపులో పెట్టుకోవాలి, ఏడాదికొకసారి చూపించుకోవాలి. నాలుగున్నర దాటితే మూడు నెలలకొకసారి చూస్తారు. ఐదున్నర సెంటీమీటర్లకు వచ్చినప్పుడే ఆపరేషన్ మాట. ఈ కొలతలు తెలియని రైతు, క్యాంపు వాళ్ళు చెప్పిందల్లా నమ్మి పొలం తాకట్టు పెడతాడు. నాళం పగలకముందే కుటుంబం పగులుతుంది. అందుకే ఈ పని సర్కారు చేతిలోనే ఉండాలి. చూసిన చేతికే చికిత్స బాధ్యత కూడా ఉండాలి.

మా డిమాండ్లు ఇవి:

1. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో 65 నుంచి 75 ఏళ్ళ మధ్య ఉండి, బీడీ, సిగరెట్ తాగుతున్న లేదా ఒకప్పుడు తాగిన ప్రతి మొగవాడికీ 104 బండిలో ఒక్కసారి ఉచితంగా ఈ స్కాన్ చేయాలి. చట్టం కోరిన అర్హత ఉన్న డాక్టరు, నమోదైన యంత్రం ఉండాలి.

2. అదే రోజు ఆడ, మగ పెద్దలందరికీ బీపీ, షుగర్ చూసి మాత్రలు చేతికివ్వాలి.

3. ఎంతమందిని చూశారు, ఎందరికి ఉబ్బు ఉంది అన్న లెక్క, పేర్లు లేకుండా, పంచాయతీ బోర్డు మీద పెట్టాలి.

4. ఐదున్నర దాటిన వాళ్ళకు ఆపరేషన్, లోపల పెట్టే స్టెంట్, రానుపోను ఖర్చుతో సహా ఎన్టీఆర్ వైద్య సేవ కింద పూర్తిగా భరిస్తామని సర్కారు రాసివ్వాలి.

5. మదనపల్లె మెడికల్ కాలేజీని సర్కారే నడపాలి.

గ్రామ కమిటీలకు ఒక పని చెబుతున్నాం. వచ్చే గ్రామసభలోపు మీ ఊళ్ళో 65 దాటిన మొగవాళ్ళ జాబితా రాయండి. బీడీ తాగుతారా, బీపీ ఉందా, అన్నదమ్ముల్లో, తండ్రుల్లో ఎవరైనా ఈ జబ్బుతోనో ఉన్నట్టుండో పోయారా అని అడిగి రాయండి. ఆ జాబితాను తీర్మానంతో కలిపి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకొక మాట ఇంటింటా చెప్పండి. పెద్దవయసు మొగమనిషికి ఉన్నట్టుండి కడుపులోనో నడుములోనో భరించలేని నొప్పి వచ్చి, చెమటలు పట్టి కళ్ళు తిరిగితే, గ్యాసనో కిడ్నీలో రాయనో సూది వేయించి పడుకోబెట్టవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

టమోటా ధర పడిపోతే రోడ్డు మీద పారబోసి అడిగాం. బోర్లు ఎండితే కలెక్టరేట్ ముందు కూర్చుని అడిగాం. సేద్యం చేసే మనిషి ఒళ్ళు గురించి మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఈ నెల నుంచి అడుగుదాం.