పైసలు రావాలంటే పిన్ ఎందుకు కొట్టాలె?

నెలాఖరు వచ్చిందంటే గోదావరిఖనిల దిగిపోయే కార్మికులకు శాలువా కప్పి, దండేసి పంపుతరు. ఆ తర్వాత కొన్నాళ్లకు వాళ్ల క్వార్టర్ల ముందట ట్రాలీ ఆటో ఆగుతది. ముప్పై ఏండ్ల సంసారం బయటికొస్తది. ఊరికి తీస్కపోయేది తీస్కపోతరు. ఆ ఇంట్ల పట్టనివి, డబల్ కాట్ మంచం, బీరువా, కూలర్, అమ్ముకోవాలె. ఇదివరకు పక్క క్వార్టరాయన కొనుక్కునేటోడు. లేకుంటే పాత సామాన్ల దుకాణపాయన వచ్చి సగానికి సగం అడిగేటోడు. ఇప్పుడు పిల్లలు ఫోటో తీసి ఆన్‌లైన్ల పెడుతున్నరు. పెట్టిన పావుగంటకే ఫోనొస్తది.

ఫోన్ చేసినోడు హిందీల మాట్లాడుతడు. "సీఐఎస్ఎఫ్‌ల పని చేస్తున్న, ఎన్టీపీసీకి ట్రాన్స్‌ఫరైంది, క్వార్టర్ దొరికింది, సామాను కావాలె" అంటడు. యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు ఫోటో పంపుతడు. వేరే ఊళ్లల్ల ఈ కథ నమ్ముతరో లేదో గని రామగుండంల నమ్ముతరు. ఎన్టీపీసీ గేటు కాడ సీఐఎస్ఎఫోళ్లను మనం రోజూ చూస్తనే ఉంటం. ఇంకో ముచ్చట, వాడు బేరమాడడు. చెప్పిన రేటుకు "సరే సార్" అంటడు. ఖనిల పాత మంచాన్ని బేరమాడకుండ కొన్నోన్ని నేనైతే ఇంతవరకు చూడలే.

యైటింక్లయిన్ కాలనీల నాకు తెలిసిన ఒక కాకకు ఇట్లనే అయింది. మంచం, బీరువా కలిపి పద్నాలుగు వేలు చెప్పిండు. అవతలోడు ముందుగాల "టెస్టింగ్" అని అయిదు రూపాయల క్యూఆర్ కోడ్ పంపిండు. కాక స్కాన్ చేసి పిన్ కొడితే అయిదు పోయినయ్, వెంటనే పది వచ్చినయ్. నమ్మకం కుదిరింది. తర్వాత ఏడు వేల కోడ్ పంపిండు. కొడితే పైసలు పోయినయ్, రాలే. "సర్వర్ ప్రాబ్లం సార్, ఇంకోసారి కొట్టండి, రెండూ కలిపి వాపస్ వస్తయ్" అన్నడు. అట్ల మూడుసార్లు. ఇరవై ఒక్క వేలు పోయినయ్. కాక రెండు రోజులు ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే, సిగ్గు. "గనిల కప్పు కూలే ముందు సప్పుడైతది, ఇని బయటికురుకుతం. దీనికి సప్పుడే లేకపాయె" అన్నడు నాతోని.

అసలు ముచ్చట చిన్నది. యూపీఐల పైసలు మన ఖాతాలకు రావాలంటే పిన్ కొట్టే పనే లేదు, స్కాన్ చేసే పనే లేదు. పిన్ కొట్టిన్రంటే పైసలు పోతున్నట్టు, లేదా బ్యాలెన్స్ చూస్తున్నట్టు. ఇది తెలిస్తే సగం మోసాలు ఆగుతయ్, నిజమే. కని "అవగాహన లేక మోసపోయిన్రు" అని ఊకె అనుడు నాకు నచ్చదు. మనుషుల నుంచి మనుషులకు పంపే "కలెక్ట్ రిక్వెస్ట్"ను 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ బంద్ పెట్టించింది. ఎందుకంటే దాంతోని మస్తు మోసాలైనయ్. అంటే తలుపు మూసే తాళం వాళ్ల చేతులనే ఉన్నది. ఒక తలుపు మూసిన్రు, క్యూఆర్ తలుపు తెరిచే ఉన్నది. కొత్త మనిషికి మొదటిసారి పెద్ద మొత్తం పోతుంటే కొన్ని గంటలు ఆపితే ఎవని సొమ్ము పోతది?

2025 జులైల కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి బండి సంజయ్, మన పక్క కరీంనగర్ ఎంపీ, లోక్‌సభల ఇచ్చిన జవాబు ప్రకారం సైబర్ మోసాలల్ల జనం పోగొట్టుకున్నది 2023ల 7,465 కోట్లు, 2024ల 22,845 కోట్లు. ఒక్క ఏడాదిల మూడింతలు. మనకు అర్థమయ్యే లెక్కల చెప్పాలంటే, 2025 దసరాకు సింగరేణి కార్మికులకు, కాంట్రాక్టు కార్మికులతోని కలిపి, ప్రకటించిన లాభాల వాటా 819 కోట్లు. అసొంటి దసరాలు దాదాపు ఇరవై ఎనిమిది దొంగల పాలైనట్టు.

ఇగ బ్యాంకు కాడికి పోతే ఏమైతది? రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. బ్యాంకు తప్పు, నీ తప్పు రెండూ లేకుండ ఎవడో నీ ఖాతాల చొరబడితే, మూడు పనిదినాలల్ల చెప్పినవంటే నీకు నష్టం లేదన్నది. మంచిదే. కని కాక పిన్ కాకనే కొట్టిండు. "మీరే పంపిన్రు కదా" అని బ్యాంకోళ్లు చేతులు దులుపుకుంటరు. మోసపోయి కొట్టిన పిన్నుకు, ఇష్టంతోని కొట్టిన పిన్నుకు వాళ్ల లెక్కల తేడా లేదు. బ్రిటన్‌ల 2024 అక్టోబర్ 7 నుంచి రూల్ మారింది. మోసపోయి తానే పైసలు పంపినా 85 వేల పౌండ్ల దాక బ్యాంకులు వాపస్ ఇయ్యాలె. మరీ ఘోరమైన నిర్లక్ష్యమైతే తప్ప. పంపిన బ్యాంకు సగం, దొంగ ఖాతా ఉన్న బ్యాంకు సగం భరిస్తయ్. నాకు ఆ రెండో సగమే అసలైందనిపిస్తది. కాక పైసలు గాలిల కలువలే, ఏదో బ్యాంకుల, ఎవని పేరు మీదనో ఉన్న ఖాతాలకు పోయినయ్. కమీషన్ ఆశకు ఖాతాలు అద్దెకిచ్చే పోరగాండ్లున్నరు. వాళ్లకు చెప్తున్న తమ్మీ, కేసు ముందుగాల నీ ఇంటికే వస్తది.

అమ్మెటోనికి ఇంకో గండం కూడ ఉన్నది. పైసలు నిజంగనే వస్తయ్, కని అవి ఇంకొకని కాడ కొట్టేసినవి. అసలోడు కంప్లైంట్ ఇస్తే పోలీసులు గొలుసు పట్టుకొని వస్తరు, నీ ఖాతా ఆగిపోతది. నువ్వు మంచమే అమ్మినవని రుజువు చేసుకోవాలె. అందుకే కొన్నోని పేరు, ఫోటో, చాటింగ్, పైసలు వచ్చిన నంబర్ అన్నీ దాచుకోవాలె. కొన్నోని పేరొకటి, పైసలేసినోని పేరొకటి ఉంటే సామాను ఇయ్యద్దు.

మంచమైతే కనవడే వస్తువు. మన పిల్లలు కనవడని వస్తువులు కూడ అమ్ముతున్నరు, వెబ్‌సైట్ పేర్లు, అంటే డొమైన్లు. ఢిల్లీల ఒక యువకుడు 2023ల కొనిపెట్టుకున్న జియోహాట్‌స్టార్ పేరు మీద 2024 అక్టోబర్ల అంత లొల్లైనంక, తక్కువ పైసలకు పేరు కొని లక్షలకు అమ్ముదామని ఆశపడేటోళ్లున్నరు. కంపెనీల పేర్లతోని ఆడితే కోర్టు నోటీసు వస్తదని వాళ్లకు చెప్పాలె. సొంతంగ ఆలోచించిన పేరైతే అమ్ముకోవచ్చు, తప్పేం లేదు. కని అక్కడి దొంగ ఇంగ్లీషుల రాస్తడు, డాలర్లల్ల చెప్తడు. "మీ పేరుకు ఇన్ని వేల డాలర్లిస్త, ముందుగాల ఫలానా సైట్ల విలువ సర్టిఫికెట్ తీస్కోండి" అంటడు. సర్టిఫికెట్ ఫీజు కట్టినంక మనిషి కనవడడు, ఆ సైటు వానిదే. ఇంకోడు నడుమ పైసలు పట్టి ఉంచే ఎస్క్రో కంపెనీ లింక్ పంపుతడు, అది నకిలీది. మరొకడు కొట్టేసిన కార్డుతోని కడుతడు. నువ్వు పేరు ఇచ్చినంక ఎన్నో వారాలకు కార్డు అసలోడు ఫిర్యాదు చేస్తే పైసలు వెనక్కిపోతయ్, పేరు మాత్రం రాదు.

డొమైన్ ట్రాన్స్‌ఫర్ కోడ్ అంటే బండి తాళంచెవి లెక్క. పైసలు పడ్డట్టు మెయిలొస్తే నమ్మద్దు. ఎస్క్రో సైటు అడ్రస్ నీ చేతులతోనే కొట్టి, లోపలికి పోయి నీ కండ్లతోని చూసినంకనే లాక్ తియ్యాలె. అవతలోడు తొందర పెట్టిండంటే ఇంకింత ఆలస్యం చెయ్యాలె.

మోసం జరిగిందని తెలిసిన నిమిషంల 1930కు ఫోన్ కొట్టాలె, బ్యాంకుకు చెప్పి కంప్లైంట్ నంబర్ తీస్కోవాలె. చెప్పినంక కూడ పైసలు పోతే ఆ నష్టం బ్యాంకుదే, అది 2017 సర్క్యులర్లనే ఉన్నది. పన్నెండంకెల యూటీఆర్ నంబర్ దగ్గర పెట్టుకొని మాట్లాడుండ్రి. పైసలు దొంగ చేతికి అందకముందే ఏదో ఖాతాల ఆపితే, కోర్టు ఆర్డరుతోని వాపస్ వచ్చే దారి ఉన్నది. కాక మూడో రోజు ఫోన్ చేసిండు. అప్పటికే ఆ ఖాతా ఖాళీ. గని మీద శాలువా కప్పే రోజు ఈ నంబర్, ఈ పిన్ ముచ్చట పది నిమిషాలు చెప్పుండ్రని యూనియన్లోళ్లను అడుగుతున్న. దానితోపాటు బ్యాంకుల సగం బాధ్యత గురించి కూడ వాళ్లే కొట్లాడాలె. వేజ్ బోర్డు కోసం కొట్లాడినోళ్లకు ఇది కొత్త పనేం కాదు.

మంచం చివరికి పక్క లైన్ల ఉండే కాంట్రాక్టు కార్మికుడు తీస్కపోయిండు. గంటసేపు బేరమాడి, సగం చేతుల పెట్టి, మిగిలింది లాభాల వాటా పడ్డంక ఇస్తనన్నడు.