కల్పేనిలో ఒక పగలు

ఓడ కల్పేని తీరానికి చేరదు. పగడపు దిబ్బకు లోపలి నీరు లోతు లేనిది కనుక వెలుపలి సముద్రంలోనే ఆగుతుంది. అక్కడి నుండి చిన్న పడవలోకి దిగాలి. ఊగుతున్న ఆ పడవలో కాలు మోపుతూ మా ఇంటివారు బిగ్గరగా ఆయతుల్ కుర్సీ పఠించారు. మేమూ పఠించాము, కాకపోతే లోలోపల.

లక్షద్వీప్‌లో జనావాసమున్న 10 దీవులలో ఇదొకటి. విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. నివాసులు దాదాపు అందరూ ముస్లింలే. 1847 నాటి పెను తుఫాను సముద్రంలో నుండి ఎత్తి విసిరిన పగడపు రాళ్లు తూర్పు తీరాన నేటికీ గట్టులా పేరుకొని ఉన్నాయి. వాటిని చూసి, కొబ్బరి నీళ్లు త్రాగి, తోటి ప్రయాణికులు ఈతకు వెళ్లగా మేము మస్జిద్ వైపు నడిచాము.

ఓడలో ప్రయాణికులుగా రెండు రకాతులే చేస్తూ వచ్చిన మేము, స్థానిక ఇమామ్ వెనుక జుహర్ నాలుగు రకాతులూ పూర్తి చేశాము. అక్కడివారు షాఫయీలు, మేము హనఫీలము. చేతులు ఎత్తడంలో తేడా కనిపించింది గాని, సఫ్‌లో మాకు చోటివ్వడంలో కనిపించలేదు.

నమాజు తరువాత ఒక వృద్ధ ఉస్తాద్ ప్రక్కన కూర్చున్నారు. మాకు మలయాళం రాదు, ఆయనకు ఉర్దూ రాదు. కితాబులలో చదువుకున్న అరబ్బీయే మా ఇద్దరికీ ఆధారమైంది. మేము ఫరాయిజ్ బోధిస్తామని తెలియగానే ఆయన తమ దీవుల ఆస్తి పద్ధతిని వివరించారు. ఇక్కడ ఆస్తి రెండు రకాలు: శుక్రవారపు ఆస్తి, సోమవారపు ఆస్తి. మొదటిది తల్లి వంశపు ఉమ్మడి సొత్తు. కూతుళ్ల ద్వారానే సాగుతుంది, కుమారుని పిల్లలకు అందులో హక్కు రాదు. రెండవది మనిషి స్వయంగా ఆర్జించినది. అది షరీఅత్ ప్రకారం పంచబడుతుంది. పూర్వాచారంలో భర్త రాత్రికి భార్య ఇంటికి వెళ్లి, తెల్లవారగానే తన తల్లి ఇంటికి తిరిగి వచ్చేవాడట.

శుక్రవారపు ఆస్తి పద్ధతి దివ్య ఖుర్ఆన్ నిర్ణయించిన వాటాలకు సరిపోదని మేము నిస్సంకోచంగా అన్నాము. ఆయన కోపగించలేదు. "నిజమే ఉస్తాద్, కొడుకు పిల్లల విషయంలో మేము జవాబు చెప్పుకోవలసిందే. అయితే మీ ప్రాంతంలో ఈ ఆచారం లేదు కదా, ఆడపిల్లలకు వారి వాటా సక్రమంగా అందుతున్నదా?" అని అడిగారు.

సిరాజీ గ్రంథాన్ని 20 ఏళ్లకు పైగా బోధిస్తున్నాము. కొడుకుకు రెండు, కూతురికి ఒకటి అని పలకమీద ఎన్ని వందలసార్లు వ్రాశామో! మా తండ్రిగారు గతించినప్పుడు పొలం ఐదెకరాలు. మేము అన్నదమ్ములము ఇద్దరము, ఆపా ఒక్కరు. ఆమె కాగితంపై సంతకం చేశారు. "నాకెందుకు, పండుగకు పిలిస్తే చాలు" అన్నారు. ఆ మాటను మేము ఆమె సంతృప్తిగా లెక్కించాము. పిలవడం మానుకుంటారేమోననే భయం అందులో ఉందేమోనని ఒక్కనాడైనా విచారించలేదు. ఆమెకు ఆ కాగితం చదివి వినిపించినవారు కూడా లేరు.

ఉస్తాద్‌కు ఏమి బదులిచ్చామో సరిగా గుర్తులేదు. అస్ర్ అజాన్ మా లెక్క కంటే ముందే వినిపించింది. షాఫయీల సమయం అది. పడవకు వేళయిందని సెలవు తీసుకున్నాము.

ఆ రాత్రి ఓడలో మా ఇంటివారు, "అంతసేపు ఏమి మాట్లాడుకున్నారు?" అని అడిగారు. చెప్పాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "ఆ ఎకరం మామిడిచెట్ల వైపున ఇవ్వండి. ఆపాకు అక్కడే ఇష్టం" అన్నారు. కొచ్చి చేరగానే ముందు తమ్మునికి ఫోన్ చేయాలి.