సాక్షిని శిక్షింపకుడు

హుస్నాబాదు ప్రాంతమున ప్రత్తి, మొక్కజొన్న, వడ్లు అంగడికి చేరవలసిన దినములలో సరకుబండి నిలిచిపోయిన రైతు బాధ చెప్పనలవి కాదు. కూలి పోవును, ధర పోవును, అదను పోవును. ఇట్టి బండ్లకు నేడు తరచుగా కలుగు ఒక లోపమును గూర్చి సభ్యులకు మనవి చేయుచున్నాము.

ఇంజనులోనికి పోవు గాలి ఒత్తిడిని కొలుచు చిన్న పరికరము కలదు. మెకానిక్కులు దానిని మ్యాప్ సెన్సారందురు. అది తెలుపు కొలత ననుసరించి బండిలోని కంప్యూటరు ఇంధనమును విడుచును. కొలత తప్పిన యెడల నల్లని పొగ, బలహీనత, అధిక ఇంధనవ్యయము కలుగును. ముందరి పలకపై దీపము వెలుగును. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి-6 నియమము అమలులోనికి వచ్చినది; కొత్త డీజిలు బండ్లలో ఇట్టి పరికరములు సాధారణముగా నుండును.

మా సభ్యుడొకని బండికి ఈ లక్షణములే కలిగినవి. మరమ్మతుశాలవారు దీపము చూచి సెన్సారు మార్చిరి, తగ్గలేదు. ఇంజెక్టర్లు కడిగిరి, తగ్గలేదు. తుదకు వేరొకరు వెదకగా టర్బో నుండి వచ్చు రబ్బరు గొట్టము బిగింపు క్రింద చీలియుండెను. సెన్సారు మొదటినుండియు నిజమే చెప్పుచుండెను! సాక్షిని వెళ్లగొట్టి దొంగను ఇంట నుంచుకొన్నట్లయినది.

స్కానరు చూపు సంకేతము ఒత్తిడి లెక్కలో తేడా యున్నదని మాత్రమే చెప్పును. సెన్సారు కొనుమని చెప్పదు. కావున వరుసగా చూడవలెను. మొదట, ఇంజను నడుపక తాళము మాత్రము త్రిప్పినప్పుడు కొలత బయటి గాలి ఒత్తిడికి దగ్గరగా నుండవలెను. సముద్రమట్టమున నది సుమారు 101 కిలోపాస్కళ్లు. మన మెట్టనేలలలో కొంత తక్కువ. రెండవది, గొట్టములలో చీలిక, బిగింపులలో వదులు చూడవలెను. మూడవది, ఎలుకలు కొరికిన తీగలను, చిలుమెక్కిన కనెక్టరును పరీక్షించి, మీటరుతో సెన్సారునకు 5 వోల్టులు అందుచున్నవో లేదో కొలువవలెను. నాలుగవది, మసి పట్టినచో తగిన ద్రావకముతో శుభ్రపరుపవలెను, సూదితో గీకరాదు. టర్బో డీజిలు బండి బరువు లాగునప్పుడు కొలత పెరుగవలెను. ఇవన్నియు సరిగా నుండియు కొలత తప్పినప్పుడే కొత్తది కొనవలెను.

ఒంటరి రైతు స్కానరు కొనుట భారమే. సంఘము కొనిన యెడల అందరికిని చాలును. సంఘమొక స్కానరును, మీటరును సమకూర్చి, ఇద్దరు గ్రామయువకులకు శిక్షణ నిప్పించి, పరీక్షాఫలమును వ్రాసి యిచ్చు ఏర్పాటు చేయవలెనని మా యభిప్రాయము. దీనివలన మెకానిక్కుల జీవనమునకు భంగము కలుగునని కొందరు శంకింతురు. నిజము తెలిసిన పనివానికి ఆ కాగితము సహాయమే గాని శత్రువు కాదు.

మన పొరుగున ముల్కనూరులో 1956 నందు స్థాపితమైన సహకార సంఘము అప్పును, ఎరువులను, పంట విక్రయమును ఒకచోట చేర్చి చూపినది. విత్తనమునకు, ఎరువునకు కలిసినవారము యంత్రమునకేల కలియరాదు? రాబోవు సర్వసభ్యసమావేశమున సభ్యులు ఈ విషయమును ప్రస్తావింతురు గాక. అంతవరకు, పరీక్ష లేనిదే ఏ భాగమునకును డబ్బు చెల్లింపకుడు.