లాకు పోకడలు

ఇంగ్లీషు ‘లాక్’ అనే మాటకు అర్థమేమిటని పట్నంలో ఏ పిల్లవాణ్ణడిగినా ‘తాళం’ అని ఠక్కున చెబుతాడు. మా జొన్నాడ వైపు అడిగి చూడండి. ‘లాకులాండీ? కాలవ మీద ఉంటాయండి’ అంటాడు. ఇద్దరికీ మార్కులు వెయ్యవలసిందే.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని కాలవలు పొలాలు తడపడమే కాదు, పడవలనూ మోశాయి. కాలవ పల్లానికి దిగేచోట పడవ దూకలేదు గదా! అందుకని రెండు జతల తలుపులూ, వాటి మధ్య తొట్టిలాంటి చోటూ కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీటిని మెల్లగా కిందికి వదులుతారు. నీటితోపాటు పడవా దిగుతుంది. మట్టాలు సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. ఎదురువచ్చే పడవకు ఇదే తిరగేసి. మనవాళ్ళు దీనికి సంస్కృత సమాసం వెతక్కుండా, ‘లాకులు’ అని సొంతం చేసేసుకున్నారు.

ఇక ఆ మాట సంతానం చూడండి. అనుమానితుణ్ణి ఉంచేది లాకప్పు. నగలు దాచేది లాకరు. యజమాని పనివాళ్ళను బయట నిలిపి ఫ్యాక్టరీ మూస్తే లాకవుటు. ధనుర్వాతంలో దవడలు బిగిస్తే లాక్‌జా. పాత తుపాకిలో మందు అంటించే మరా లాకే. అమ్మాయి మెడలోని లాకెట్టు, గొళ్ళెమనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిన దూరపు చుట్టం. జుట్టుపాయనూ లాకంటారు గాని, అది పుట్టుకతోనే వేరే మాట, ఇంటిపేరు కలిసిందంతే.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. జొన్నాడలో ఉన్న మా మేనత్త ఫోను చేసింది. కొడుకు మద్రాసులో చిక్కుకుపోయాడు.

“ఏరా, లాకులు దించేశారటగా? కాలవలు కట్టేశారా అప్పుడే?”

ఏటా వేసవిలో కాలవలు కట్టెయ్యడం ఆవిడ ఎరిగినదే. కాలవలు కాదత్తయ్యా, మనుషుల్నే ఇళ్ళలో ఉండమన్నారని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“పోనీలే. లాకన్నాక మళ్ళీ తియ్యకుండా ఉంటారా? మట్టం కుదరాలి, అంతేగా” అంది.

నిఘంటువుల్లో ఈ అర్థం నాకు కనబడలేదు. తాళం వేసినవాడు తీస్తాడో తీయడో గాని, లాకు మూసేది పడవను అవతలికి పంపడానికే. కొడుకు ఇంటికి చేరేదాకా ఆవిడను నిలబెట్టింది ఆ అర్థమే.

రోడ్లూ వంతెనలూ వచ్చాక కాలవల్లో ఆనాటి పడవలు లేవు. లాకులనే మాట మాత్రం ఊళ్ళలో మిగిలింది. ఈసారి ధవళేశ్వరం వెడితే, పిల్లలకు వాటిని చూపించి, పడవ దిగే తీరు చెప్పండి.