ప్రయాణం నాలుగు గంటలేనా?

“అబ్బాయి దుబాయికి టిక్కెట్టు పంపాడు డాక్టరుగారూ! నాలుగు గంటల ప్రయాణమేనట. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?” అని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల తల్లిదండ్రులు తరచు అడుగుతుంటారు.

హైదరాబాదు నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానానికి నాలుగు గంటలే. కాని మీ ప్రయాణం ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాదుకు దాదాపు 300 కిలోమీటర్లు, బస్సులో ఆరేడు గంటలు. విమానాశ్రయంలో మూడు గంటలు ముందుగా ఉండాలి. అన్నీ కలిపితే పద్నాలుగు గంటలు. దుబాయి మీదుగా న్యూయార్కు వెళ్ళేవారికి మరో 11,000 కిలోమీటర్లు, ఇంకో పద్నాలుగు గంటలు.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు కాళ్ళలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. కదలకుండా కూర్చుంటే ఆ పని మందగించి, లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుంటే ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. విమానమే కాదు, బస్సు, రైలు, కారు కూడా అంతే. అయితే భయపడనక్కరలేదు. అంతసేపు విమానంలో ప్రయాణించే ఆరోగ్యవంతులలో ఇది దాదాపు 6,000 మందిలో ఒకరికే వస్తుంది. స్థూలకాయులు, ఈమధ్య ఆపరేషనో కాన్పో అయినవారు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, కాన్సరు రోగులు, లోగడ ఇలా రక్తం గడ్డకట్టినవారు మాత్రం ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

కూర్చున్నచోటే పాదాలను పైకీ కిందికీ ఆడిస్తుండండి. గంట, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని మంచినీళ్ళు మానేయకండి. నిద్రమాత్రలు వద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగవద్దు.

మధుమేహం ఉన్నవారు మరొకటి గమనించాలి. టిక్కెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. ఉదయం 10 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం 12.30కు దుబాయి చేరుతుందని ఉంటే అది రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక. అమెరికా వెళ్ళేటప్పుడు పగలు ఇంకా సాగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కుంచించుకుపోతుంది. అందుచేత ఇన్సులిన్ వేళలూ మోతాదూ వైద్యునిచేత కాగితం మీద రాయించుకోండి. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

చేరిన తర్వాత కొన్ని వారాల వరకు ఒక కాలి పిక్క వాచినా, నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. బిడ్డ పని చెడుతుందని, డబ్బు ఖర్చవుతుందని దాచుకునే తల్లులే ఎక్కువ. అమ్మా, ఆ మొహమాటం మాత్రం వద్దు!