దాసోఽహమ్మన్న నోట దాస్యసమర్థనమా?

ధర్మప్రసంగాలలో తరచుగా వినవచ్చే వాదమొకటి ఉన్నది. రోమక సామ్రాజ్యం బానిసల రక్తంతో నిర్మితమైనదనీ, భారతవర్షంలో దాస్యమన్నది ఏనాడూ లేదనీ, ఇక్కడ ఉన్నది కేవలం గుణకర్మవిభాగమనీ ఆ వాదం యొక్క సారాంశం. అది శ్రవణసుఖంగా ఉంటుంది, శ్రోతలు కరతాళధ్వనులు చేస్తారు. కాని చెవికి ఇంపైనదంతా సత్యం కాదు. సత్యం లేనిచోట ధర్మాన్ని ప్రతిష్ఠించుట యంత్రం లేని పీఠంపై విగ్రహాన్ని నిలుపుట వంటిది.

పూర్వపక్షాన్ని మొదట న్యాయంగానే చెప్పవలెను. రోములో పెట్రీషియన్లనే కులీనులూ, ప్లీబియన్లనే సామాన్యులూ అనే భేదం ఆదినుంచి ఉన్నది. పిమ్మట సెనేటు సభ్యులు, అశ్వికవర్గం, సామాన్య పౌరులు, పౌరత్వం లేని పరదేశీయులు, విముక్తదాసులు, అందరికంటె అడుగున బానిసలు, ఇలా అంతస్తులు ఏర్పడినవి. బానిస న్యాయశాస్త్రదృష్టిలో వ్యక్తి కాడు, వస్తువు. వ్యవసాయగ్రంథం వ్రాసిన వారో అతనిని మాటలాడే పనిముట్టుగా లెక్కించిరి. క్రీ.పూ. 73లో స్పార్టకస్ నాయకత్వాన బానిసలు తిరుగబడిరి. క్రీ.పూ. 71లో ఆ తిరుగుబాటు అణగినప్పుడు కాపువా నుండి రోము వరకు గల రాజమార్గం పొడవునా 6,000 మందిని శిలువ వేసిరి. క్రీ.శ. 61లో పెడానియస్ సెకుండస్ అనే నగరాధికారిని ఒక బానిస చంపగా, ఆ యింట ఉన్న 400 మంది బానిసలనూ, స్త్రీబాలవృద్ధులని చూడక, వధించిరి. ఇది ఘోరం. దీనిని ఘోరమనుటకు ఎవ్వరూ సంకోచించనక్కరలేదు.

ఆ రోముకు నెల్లూరు సీమ అపరిచితమైనదీ కాదు. 18వ శతాబ్ది చివరి భాగంలో నెల్లూరు సమీపాన ఒక రైతు కొండపక్క నేల దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టడం తగిలినది. త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలాలూ, వాని అడుగున ఒక కుండలో రోమక సువర్ణనాణేలూ బయల్పడినవి. పెక్కింటిని పాత బంగారంగా అమ్మివేయగా, మిగిలినవానిలో హాడ్రియన్ చక్రవర్తి ముద్ర గలదీ, ఫౌస్టీనా రాణి ముద్ర గలదీ ఉన్నవి. మిరియాలకూ, ముత్యాలకూ, సన్నని వస్త్రాలకూ వెలగా ఆ బంగారం సముద్రాలు దాటి వచ్చేది. భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టర్సులు తరలిపోవుచున్నవని ప్లినీ వాపోయినాడు. రోము గనులలో శిక్షితులూ, బానిసలూ చేసిన చాకిరి ఆ సంపద వెనుక ఉన్నది. ఆ చాకిరిఫలం ఇక్కడ ఒక దేవాలయం నీడలో దాగినది. కనుక దాస్యపాపం పశ్చిమదేశాలకే పరిమితమని చేతులు దులుపుకొనుట ఎట్లు చెల్లును?

ఇక దాస్యం ఇచ్చట లేదన్న మాటను శాస్త్రమే ఖండించుచున్నది. మెగస్తనీసు భారతదేశంలో బానిసలు లేరని వ్రాసిన మాట నిజం. అయితే మనుస్మృతి దాసులను ఏడు విధాలుగానూ, నారదస్మృతి పదునైదు విధాలుగానూ లెక్కించినవి. లేనిదానికి లెక్క యెందుకు? కౌటిల్యుని అర్థశాస్త్రంలో దాసులను గూర్చి ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. విదేశీయుని ఒక్క వాక్యాన్ని ప్రమాణంగా గైకొని, స్మృతికర్తల వచనాలను దాచిపెట్టుట వైదికునికి తగిన పని కాదు.

ఆ గ్రంథాలే దాస్యానికి హద్దులు కూడ విధించినవి. దాసునిచేత శవాన్నో మలాన్నో మోయించినా, దాసీజనం మానానికి భంగం కలిగించినా యజమాని తన హక్కును కోల్పోవునని కౌటిల్యుడు శాసించినాడు. వెల చెల్లించి విముక్తుడయ్యే మార్గం కల్పించినాడు. నారదుడు విమోచనవిధిని వర్ణించినాడు: దాసుని భుజంమీది నీటికుండను యజమాని దించి పగులగొట్టవలెను, అక్షతలు పుష్పాలు కలిపిన జలంతో అతని శిరస్సును ప్రోక్షించవలెను, నీవు దాసుడవు కావని ముమ్మారు పలుకవలెను. కుండ పగిలిన ధ్వనితో ఒక మానవుడు స్వతంత్రుడగుచున్నాడు. ఇంత రమ్యమైన విధి చేతిలో ఉండగా, దాస్యమే లేదని బొంకుట దేనికి? ఉన్నదానిని విడిపించుటకే గదా ఈ విధి!

రోములో మరొక విశేషం ఉన్నది, దానిని ఒప్పుకొనుటకు అభిమానం అడ్డురాకూడదు. పౌరుడైన యజమాని శాస్త్రోక్తంగా విడిచిపెట్టిన బానిస పౌరుడయ్యేవాడు. అతనికి కొన్ని పదవులు నిషిద్ధమైనా, విముక్తి తరువాత పుట్టిన కుమారునికి ఆ కళంకం చాలవరకు అంటేది కాదు. క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రజనులకు దాదాపు అందరికీ పౌరత్వం ప్రసాదించినాడు. అతని ఉద్దేశం పన్నులే అయినా కావచ్చును. కాని ద్వారం తెరువబడినది. ఈ దేశంలోనో? ఎవ్వరికీ అమ్ముడుపోని వాడు, ఎవ్వరికీ బాకీ లేనివాడు కూడ పుట్టుక కారణంగా గుడివీధిలో నడవరాదన్న కాలం నిన్నమొన్నటిది. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ శాసనం 1947లో వచ్చిన పిదపనే గుడితలుపులు అందరికీ చట్టబద్ధంగా తెరువబడినవి. బానిసకు తరాంతరంలోనైనా విముక్తి గలదు, అస్పృశ్యునికి తరతరాలకూ లేదు. ఏది ఎక్కువ క్రూరమో విజ్ఞులు యోచింతురు గాక.

నెల్లూరు మండలపు యానాదుల కథ ఇందుకు సాక్ష్యం. అడవినీ, ఏటినీ, చెరువునూ నమ్ముకొని బ్రతికిన ఈ జనంలో పెక్కుమంది అప్పు పేరిట పొలాలకూ, చేపలగుంటలకూ, ఇటుకబట్టీలకూ కట్టుబడిరి. వారిలో కొందరిని పరప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణించినది. వెన్నెలకంటి రాఘవయ్య వంటి మహనీయుడు జీవితమంతా వారి కొరకు ధారపోసినాడు. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించినది. 1976 నాటి చట్టం వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి కారణమైన బాకీని కూడ రద్దుచేసినది. రోములో అప్పుకై పౌరుని శరీరాన్ని కట్టివేయుటను క్రీ.పూ. 4వ శతాబ్దిలోనే నిషేధించిరి. బయానా ఇచ్చి, వడ్డీ పెంచి, కుటుంబాన్నంతటినీ పనిలో బంధించే పద్ధతి ఉదయగిరి, కొండాపురం, ఆత్మకూరు ప్రాంతాల ఏ మూలనైనా ఏ రూపాననైనా మిగిలి ఉన్నచో, అది చట్టానికే కాదు, ధర్మానికీ ద్రోహమే.

దీనికి ప్రతిగా మరొక వర్గం పలుకుట కలదు: శాస్త్రమంతా దాస్యమే, కనుక శాస్త్రాన్నే త్యజించవలెనని. ఇదీ అతివాదమే. రోములో స్టోయిక్ తత్త్వవేత్త ఎపిక్టెటస్ స్వయంగా బానిసగా ఉన్నవాడు. యజమానీ, దాసుడూ ఒకే దైవసంతానమని అతడు బోధించినాడు. ఆ ఉపదేశాన్ని రోము పాపం రద్దుచేయలేదు. అట్లే గీత పంచమాధ్యాయంలోని సమదర్శనాన్ని గ్రామాల పాపం రద్దుచేయజాలదు. రాజు నిద్రకూ సేవకుని నిద్రకూ భేదం లేదని అన్నమాచార్యుడు పాడినది ఈ నేలమీదనే. వ్యాధి గలదని ఔషధాన్ని పారవేయుట వివేకం కాదు. ఔషధం గలదు గనుక వ్యాధి లేదనుట అంతకంటె అవివేకం.

సిద్ధాంతమిది. నవవిధభక్తులలో దాస్యం ఒకటి. భక్తుడు తన్ను భగవంతుని దాసుడనుకొనును, భగవద్దాసుల దాసుడననుకొనుటకు కూడ ఉవ్విళ్ళూరును. ఆ దాస్యానికి స్వామి ఒక్కడే. జీవులన్నీ ఆయనవే అయినప్పుడు, ఒక జీవుని తనదని కట్టివేయు గృహస్థు స్వామిసొత్తును అపహరించినవాడగును. దేవస్వాన్ని తాకుట మహాపాతకమని భయపడువారు, దేవుని జీవుని తాకట్టు పెట్టుకొనుటకు ఎట్లు సాహసింతురు? అద్వైతికి ఈ తర్కం మరింత సూటిగా తగులును: బంధించినవాని లోపలా, బద్ధుని లోపలా ఉన్న ఆత్మ ఒక్కటే.

కనుక కల్యాణోత్సవానికి లక్షలు సమర్పించు భక్తుడు తన పొలంలో, తన బట్టీలో పనిచేయువాని ఖాతాను ఒకసారి విప్పి చూడవలెను. అందులో తీరని బాకీ ఉన్నచో దానిని కొట్టివేయుటయే నేటి కుండ పగులగొట్టు విధి. అది జరుగని ఇంట దాసోఽహమ్మను మాట పెదవులమీది మాటయే, స్వామి చెవిని చేరదు.

స్వస్తి.