నగరానికి దూరమైతే పొగకు మినహాయింపు

న్యూఢిల్లీ: బొగ్గు విద్యుత్కేంద్రాలు వెలువరించే సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ విధించిన పరిమితి, పదేళ్లు తిరగకముందే చాలా కేంద్రాలకు వర్తించకుండా పోయింది. తొలుత 2017గా నిర్ణయించిన గడువును పలుమార్లు పొడిగించిన ప్రభుత్వం, 2025 జూలైలో సుమారు 78 శాతం యూనిట్లను ఈ నిబంధన నుంచి మినహాయించింది.

మినహాయింపునకు కొలమానం దూరమే. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి గాని, పది లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు గాని 10 కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు 2027 చివరికల్లా గంధక వాయువును తొలగించే పరికరాలు అమర్చుకోవాలి. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోని నగరాలకు చేరువలో ఉన్నవాటిపై విడివిడిగా నిర్ణయం తీసుకుంటారు. మిగిలినవి పొగగొట్టం ఎత్తుకు సంబంధించిన షరతు పాటిస్తే చాలు.

భారతీయ బొగ్గులో గంధకం తక్కువనీ, గాలిలో ఆ వాయువు పరిమితికి లోబడే ఉన్నదనీ, పరికరాల వ్యయం చివరకు విద్యుత్ చార్జీలపై పడుతుందనీ ప్రభుత్వ పక్షం వాదన. ఇందులో వాస్తవం లేకపోలేదు. అయితే ఆ వాయువు గాలిలో రసాయనిక మార్పు చెంది సల్ఫేట్ రేణువులవుతుంది. 2.5 మైక్రాన్ల లోపు ఉండే ఈ సూక్ష్మధూళి వందల కిలోమీటర్లు పయనిస్తుంది. గొట్టం ఎత్తు పెరిగితే పొగ దూరం పోతుందే గాని మాయం కాదు.

దీని భారం ముందుగా పసివారిపై పడుతుంది. శరీర బరువుతో పోల్చితే పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదిగే దశలో ఉంటాయి. ఇంటా బయటా కలుషితమైన గాలి వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధులతో 2016లో ప్రపంచవ్యాప్తంగా 15 ఏళ్లలోపు పిల్లలు సుమారు 6 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సూక్ష్మధూళి వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని ఆ సంస్థ 2021లో సూచించింది. భారత ప్రమాణం 40.

నష్టం అనివార్యమేమీ కాదు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో గాలి శుభ్రపడిన కొద్దీ, ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువగా ఉన్న 15 ఏళ్ల పిల్లల నిష్పత్తి 7.9 శాతం నుంచి 3.6 శాతానికి తగ్గినట్లు 2015లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో గుర్తించిన 43 తీవ్ర కాలుష్య ప్రాంతాలలో విద్యుత్కేంద్రాల నిలయమైన సింగ్రౌలీతో పాటు విశాఖపట్నం, పటాన్‌చెరు కూడా ఉన్నాయి. ఇటువంటి చోట్ల కనీసం విడిగా పరిశీలన జరిగే అవకాశముంది. ఏ జాబితాకూ ఎక్కని పల్లెలో, పొగగొట్టం నీడనే పెరిగే పిల్లలకు అదీ లేదు. నిబంధన నగర జనాభాను లెక్కించిందే తప్ప, ఆ పల్లె బడి ఎంత దూరంలో ఉన్నదో లెక్కించలేదు. విద్యుత్ చార్జీలో మిగిలే పైసలు ఆస్పత్రి ఖర్చుగా ఆ కుటుంబాలపైనే పడితే, దానిని పొదుపు అనడం కష్టం.